కాపురము తరలింపు: ఒక ఆయవ్యయ విచారము

తెలుగువారి ప్రభుత్వము మూడు తరములలో మూడు పర్యాయములు మూటాముల్లె సర్దుకొని ఊరు మారినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు చెన్నపట్టణమునుండి కర్నూలునకును, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడినపుడు కర్నూలునుండి హైదరాబాదునకును, రాష్ట్రవిభజనానంతరము 2016లో హైదరాబాదునుండి వెలగపూడికిని కచేరీలు తరలిపోయినవి; కచేరీలతోపాటు వేలకొలది సంసారములును కదలినవి. కర్నూలులో గుడారములక్రింద కచేరీలు నడచిన సంగతి చరిత్ర కెక్కినది గాని, ఆ గుడారములలో పనిచేసిన గుమాస్తా తన పిల్లలను ఏ బడిలో చేర్చెనో, చెన్నపట్టణములో విడిచివచ్చిన కుటుంబపు టద్దెకును కర్నూలు గది యద్దెకును ఒక్క జీతమునుండి యెట్లు సరిపెట్టెనో తెలిసికొనుటకు ఆ చరిత్రలో నంతగా ఆధారములు కానరావు. రాజ్యపు తరలింపునకు దస్త్రములున్నవి. సంసారపు తరలింపునకు ఇల్లాలి చీటీపుస్తకమే దస్త్రము.

2011 జనగణన ననుసరించి, తమ పూర్వనివాసమును విడిచి మఱియొకచోట నివసించువారు మనదేశమున 45 కోట్లకు పైబడియున్నారు. అందు వివాహముచేత అత్తవారింటికి వెళ్ళిన స్త్రీలదే పెద్దపాలు గనుక ఆ సంఖ్యనంతయు మన విషయమునకు అన్వయింపరాదు. ఇచట విచారింపదలచినది, ఉద్యోగముచేతనో బదిలీచేతనో పిల్లల చదువులచేతనో వందల కిలోమీటర్ల దూరమున నున్న వేఱొక నగరమునకు సామానుతో సహా కాపురమును మార్చు మధ్యతరగతి గృహస్థు ముందుగా వేసికొనవలసిన లెక్క. దృష్టాంతమునకు విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు తరలు కుటుంబమును గ్రహింతము. రహదారిపై సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడవఱకు 16వ జాతీయరహదారి, అచ్చటినుండి 65వది. ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పోవుటచేత, వాహనములకును విద్యకును సంబంధించిన చిక్కులన్నియు నీ దారిలోనే యెదురగును.

ఊరు మారుట నిశ్చయమైన వెంటనే సాధారణముగా నందఱును మొదట చేయు పని లారీ బాడుగ ఎంత యని విచారించుట. నలుగురిని అడిగి, నాలుగు ధరలు వ్రాసికొని, అందు తక్కువదానిని చూచి తృప్తిపడి, తక్కిన ఖర్చులు చిల్లరమల్లర యని తలంతురు. నా యెఱిగినంతలో ఈ లెక్క తలక్రిందుగా ఆరంభమైనది. లారీ బాడుగ మొదట కంటబడు ఖర్చేగాని అన్నిటికంటె పెద్దది కాదు. పాతయింటికిని క్రొత్తయింటికిని ఏకకాలమున సొమ్ము చెల్లించు కాలమొకటి ప్రతి తరలింపులోను తప్పక వచ్చును; దానిని రెండిండ్ల కాలమందము. ఆ కాలమెన్ని దినములో తెలిసికొనినవాడు తన ఖర్చు తెలిసికొన్నట్లే. తెలియనివాడు ఎంత చవుకలారీ మాటాడుకొన్నను అప్పుచేసి దిగవలసినదే.

ఊహించిన యంకెలతో ఒకసారి చూతము. విశాఖలో అద్దె నెలకు 18,000 రూపాయలు, హైదరాబాదులో చూచుకొన్న యింటికి 25,000 అనుకొందము. క్రొత్తయింటికి రెండునెలల అడ్వాన్సు 50,000. మొదటినెల అద్దె 25,000. ఇల్లు చూపించిన బ్రోకరునకు ఒకనెల అద్దె 25,000. లారీ ఇంకను గుమ్మములోనికి రాకముందే లక్షరూపాయలు చేతినుండి వెడలినవి. పాతయింటికి నోటీసుకాలపు అద్దె 18,000 కలిపిన 1,18,000. పాతయింటి అడ్వాన్సు 36,000 తిరిగివచ్చునుగదా యందురేమో. అది తాళములు అప్పగించి, గోడలకు రంగులు, కరెంటుబాకీ, కుళాయిమరమ్మతు విఱుగగోసిన తర్వాత, అనగా మన మవసరము గడచిన పిమ్మట, చేతికి వచ్చు సొమ్ము. ఈ మొత్తములో 50,000 నిజముగా ఖర్చు కాదు, ఒకచోట నిలిచిపోయిన ధనము. కాని ఖర్చుకాని ధనమైనను ఆ దినమున చేతిలో నుండవలసినదే. ఇదే కుటుంబము బెంగుళూరునకు పోయి, అచ్చటి పాతవాడుక ననుసరించి పదినెలల అడ్వాన్సు అడుగు యజమానికి చిక్కినచో, నిలిచిపోవు సొమ్మే రెండున్నర లక్షలు. కావున తరలింపు బడ్జెటును రెండు పుటలుగా వ్రాసికొనవలెను: తిరిగిరానిది ఒకపుట, తిరిగివచ్చునదైనను ముందు చేతినుండి పోవలసినది రెండవపుట. అప్పులు పుట్టునది సాధారణముగా రెండవపుటలోనే.

ఈ రెండిండ్ల కాలమును తగ్గించుటకు లారీవానితో బేరము పనికిరాదు. పాతయింటి యజమానితో మాట పనికివచ్చును. నోటీసు రెండునెలలదా యొకనెలదా యని ఒప్పందపత్రము తీసి చూచి, ఉత్తరువు చేతికి వచ్చిన నాడే నోటీసిచ్చి, క్రొత్తగా దిగువారికి ఇల్లు చూపించుటకు తామే వేళలు కుదిర్చినచో, ముప్పది దినముల జంట అద్దె పది దినములకు దిగును. మన దృష్టాంతమున 18,000 స్థానమున 6,000. ఈ పండ్రెండువేలు లారీబాడుగలో ఎంత పెనగులాడినను మిగులునవి కావు. అట్లే ఇల్లు ఖాళీచేయుటకు పూర్వము గదిగదికి ఫోటోలు తీసికొని, మీటరు రీడింగు వ్రాసికొని, యజమానితో కలిసి ఒక్కసారి ఇల్లంతయు తిరిగి, అడ్వాన్సు ఏ దినమున ఇచ్చునో కాగితముపై వ్రాయించుకొనుట యుచితము. ఊరు దాటిన తర్వాత అడ్వాన్సు తిరిగిరాబట్టుట ఎంత కష్టమో పడినవారికే తెలియును.

తరువాత కాలనిర్ణయము. మనవారికి బదిలీల ఉత్తరువులు వేసవిలో వచ్చును. బళ్ళు జూన్ రెండవవారములో తెఱతురు. జూన్ చివఱనుండి కాని జూలైలో గాని ఆషాఢము ప్రవేశించును, ఆషాఢములో క్రొత్తయింట పాలు పొంగింపరు. వీని మధ్య నున్న వైశాఖ జ్యేష్ఠములలో, అందును ముహూర్తములున్న శుక్రవారములు, నెలాఖరులు, ఆదివారములు చూచుకొని ఊరంతయు ఒకేసారి కదలును. నెలాఖరున పాతయద్దె ముగియును గనుక అందఱికిని ఆ రెండుమూడు దినములే కావలెను. హమాలీలు దొరకరు, బాడుగ పెరుగును, పనివాండ్రు ఒకే దినమున రెండిండ్లు ముగింపవలసి తొందరపడి సామాను పగులగొట్టుదురు. శాస్త్రమునకు భంగము రాకుండ దీనికొక మార్గము పెద్దలే ఎఱుగుదురు: మంచిదినమున దేవునిపటము, పసుపుకుంకుమలు, బియ్యము, ఉప్పు, పాలగిన్నె మాత్రము తీసికొనిపోయి పాలు పొంగించివచ్చి, సామానును నెలనడుమ నొక బుధవారమో గురువారమో తీఱికగా దింపించుకొనుట. దూరపునగరమున కిది ఒక ప్రయాణపు ఖర్చు. ఇల్లు ఖరారుచేయుటకు ఎట్లును పోవలసిన ప్రయాణముతో దీనిని జోడించిన ఆ ఖర్చును లేదు. రైలు టిక్కెట్లు 2024 నవంబరునుండి 60 దినములకు ముందునుండి మాత్రమే దొరకుచున్నవి గనుక, తరలింపు దినము నుండి వెనుకకు లెక్కించి అఱువదవదినమును క్యాలెండరులో గుర్తించుకొనుట మఱువరాదు.

వానకాలమున ఈ దారికి ప్రత్యేకముగా ఒక మాట చెప్పవలసియున్నది. 2024 ఆగస్టు చివఱ, సెప్టెంబరు మొదట కురిసిన వర్షములకు బుడమేరు విజయవాడను ముంచినది. మున్నేరు పొంగి ఐతవరమువద్ద 65వ జాతీయరహదారిపైకి వచ్చి హైదరాబాదు రాకపోకలను ఆపినది. శ్రావణ భాద్రపదములలో తరలువారు లారీ ఒకటి రెండు దినములు దారిలో నిలిచినను నడచునట్లు పడకయు వంటయు సిద్ధము చేసికొనవలెను. ఆ దినములలో మూతబండి బాడుగ ఎక్కువయైనను పైకప్పులేని లారీకంటె మేలు. టార్పాలిను కప్పుదుమని అందఱును చెప్పుదురు; ఆ టార్పాలినుకు చిల్లులున్నవో లేవో ఎక్కించునపుడు చూచు వారరుదు.

సామానులో ఏది తీసికొనిపోవలెను, ఏది విడువవలెను అను విచారమునకు వత్తము. ఇచట లెక్క మూడంకెలది: ఆ వస్తువు ఇప్పుడమ్మిన వచ్చు ధర, అచ్చట మరల కొన్న పట్టు ధర, అది లారీలో ఆక్రమించు స్థలమునకు పడు బాడుగ. పదునైదేండ్ల నాటి రిఫ్రిజిరేటరు, అతుకులు వదలిన ప్లైవుడ్ మంచము, పొడవైన సోఫా ఈ మూడంకెలకు నిలువవు. సోఫా తీసివేసిన మాత్రమున పదునేడడుగుల బండి బదులు పదునాలుగడుగుల బండి సరిపోవు సందర్భములున్నవి. అట్టిచో సోఫా ఒక్కదాని యసలు బాడుగ ఆ రెండు బండ్ల యంతరమంత. టేకుమంచము, ఇత్తడిబిందెలు, ఇనుపబీరువా దీనికి విరుద్ధములు. అట్టివి మరల కొనుట నేటి ధరలకు గృహస్థునకు దుర్ఘటము. అత్తగారి నాటి రుబ్బురోలు ఏ లెక్కకును లొంగదు. దానిని తీసికొనిపోవలెనని ఇల్లాలు కోరినచో మాఱుమాటాడక తీసికొనిపోవుటయే తగును. మూడంకెల లెక్క ధరగల వస్తువులకు గాని ఆ రోటికి కాదు.

కట్టుటలో కొన్ని మెలకువలు. రిఫ్రిజిరేటరును ముందటి దినమే ఆపి, మంచు కరగించి, తుడిచి ఆరబెట్టవలెను, నిలువుగానే పంపవలెను, దింపిన తర్వాత కొన్ని గంటలు ఊరకయుంచి మరల పెట్టవలెను. ముందు తలుపుగల బట్టల యంత్రమునకు లోపలి పీపా కదలకుండ కొన్ననాడు ఇచ్చిన బోల్టులు వెనుక బిగింపవలెను. ఆ బోల్టులు వంటింటి సొరుగులో నెక్కడనో యుండును, వారమునాటినుండి వెదకవలెను. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లముండుటచేత దానిని బట్టలమధ్య నుంచరాదు. పుస్తకములను పెద్దపెట్టెలో నింపిన అడుగూడును, చిన్నపెట్టెలే మేలు. నగలు, సర్టిఫికెట్లు, భూమిపత్రములు, మందులు, ఒకవారమునకు వలయు బట్టలు లారీ ఎక్కరాదు.

వేసవి తరలింపులో తెలుగింటికి తప్పని సమస్య ఆవకాయ. మామిడికాయ వచ్చునదియు ఊరు మారునదియు ఒకే మాసము. ప్యాకర్లు నూనెవస్తువులను తీసికొనరు, తీసికొన్నను పూచీపడరు. నూనె తేలుచున్న క్రొత్తజాడీని లారీలో వేసి పదిగంటలు కుదిపిన అది ఊరగాయకును కీడే, ప్రక్కనున్న పఱుపులకును కీడే. అనుభవముగల ఇల్లాండ్రు ఆ యేడు మూడవనాడు తిరుగగలిపిన తర్వాత పైనూనె కొంత వేఱుసీసాలోనికి వంచి, ఆవకాయను వెడల్పుమూతుల సీసాలలో అంచువఱకు ఎత్తి, మూతక్రింద ప్లాస్టిక్ కాగితము పఱచి బిగించి, సంచిలో నిలువుగా అమర్చి రైలులో తమ కాళ్ళవద్ద నుంచుకొందురు. ఖాళీజాడీని పాతచీరలలో చుట్టి లారీ కెక్కింతురు. క్రొత్తయింట జాడీ తుడిచి, నింపి, నూనె మరల పోసి, వాసెన కట్టుదురు. స్లీపరునందును మూడవతరగతి ఏసీయందును మనిషికి 40 కిలోలవఱకు సామాను ఉచితము గనుక దీనికి అదనపు వ్యయమేమియు లేదు.

ఇక రవాణాదారు. ఇచట మోసము పెచ్చుమీఱియున్నది గనుక కొంత నిదానించి వ్రాయవలసియున్నది. మోసపు క్రమము ఇంచుమించు అన్నిచోట్ల నొకటే. ఫోనులో మిక్కిలి తక్కువధర చెప్పుదురు, ఇంటికి వచ్చి సామాను చూడరు, బయానా పుచ్చుకొందురు, సామాను ఎక్కించి బండి ఊరు దాటిన తర్వాత పరిమాణ మెక్కువైనదని, టోలుగేటులని, హాల్టింగని రెట్టింపు అడుగుదురు, ఈయకున్న సామాను దింపరు. పేరొందిన సంస్థపేరునకు ఒక అక్షరము మార్చి బోర్డు కట్టుకొన్నవారును కలరు. దీనికి విరుగుడు ఒక్కటే: మనిషిని ఇంటికి పిలిపించి గదిగది చూపించి, వస్తువుల జాబితాతో, అంతస్తు దింపుడు ఎక్కింపుడు హమాలీ కూలి, టోలు, పన్ను అన్నియు కలిపిన మొత్తమును కాగితముపై వ్రాయించుకొని, ఆ కాగితములో జీఎస్టీ సంఖ్య సరిగా నున్నదో లేదో ప్రభుత్వపు పోర్టలులో సరిచూచుకొనుట. ఇంటికి రానని చెప్పువానిధర ఎంత తక్కువైనను దానిని ధరగా పరిగణింపరాదు.

బండి మనదొక్కరిదే యైనచో మన యింట కట్టిన తలుపు మన యింటనే తెఱచును. విశాఖనుండి మరుసటి దినమునకే సామాను చేరవచ్చును. పార్టులోడైన బాడుగ తక్కువ, కాని సామాను గోదాములో దిగి, మఱియొక బండికెక్కి, ఎవరెవరివో సామాన్లతో కలిసి వచ్చును. దినములు చెప్పలేము, ఒరపిడి యెక్కువ. ఒకరిద్దరి చిన్నకాపురమునకును, ఢిల్లీవంటి మిక్కిలి దూరములకును పార్టులోడు సమంజసము. నలుగురున్న నిండుకాపురమునకు ఆ మిగులు నాలుగుదినముల హోటలు భోజనముతో హరించిపోవును. నగరములో పగటివేళ భారవాహనములకు నిషేధముగల మార్గములుండుటచేత లారీ తెల్లవారుజామున చేరునట్లును, అపార్టుమెంటు సంఘమువారు లిఫ్టు వాడుటకు ఏ వేళలు నిర్ణయించిరో, రుసుమెంతో ముందే తెలిసికొనునట్లును చూచుకొనవలెను.

ఈ విషయమున చట్టమొకటి యున్నదని చాలమందికి తెలియదు. 1865 నాటి క్యారియర్ల చట్టమునకు బదులుగా 2007లో పార్లమెంటు చేసిన రోడ్డురవాణా చట్టము 2011నుండి అమలులోనున్నది. దాని నియమముల ననుసరించి, సామాను పోయినను చెడినను రవాణాదారుని పూచీ సాధారణముగా బాడుగకు పదిరెట్లవఱకే. అదియు మనము పత్రములో వ్రాసిచ్చిన విలువకు మించరాదు. అంతకెక్కువ పూచీ కావలసినచో విలువ నధికముగా ప్రకటించి ముందే ఒప్పందము చేసికొని అదనపు రుసుము చెల్లింపవలెను. బాడుగ 30,000 అయినచో పరిమితి మూడులక్షలు. ఎనిమిదివేల పార్టులోడైనచో ఎనుబదివేలే. ఇన్సూరెన్సు రుసుము కలిసివచ్చునని నిండుకాపురపు సామానునకు యాబదివేల విలువ వ్రాసిచ్చువారు, రుసుముతోపాటు తమ హక్కునుకూడ తగ్గించుకొనుచున్నారు. మఱియు నష్టము కలిగినచో దావాకు పూర్వము రవాణాదారునకు లిఖితపూర్వకమైన నోటీసు, బుకింగు జరిగిన దినమునుండి 180 దినములలోపల నిచ్చితీరవలెను. వినియోగదారుల కమిషనునకు పోవుటకు రెండేండ్ల గడువున్నది. 2019 చట్టముచేత ఫిర్యాదుదారు తాను నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చును గనుక, హైదరాబాదు వచ్చినవాడు విశాఖకు తిరుగ నక్కఱలేదు. ఇన్ని హక్కులకును ఆధారము ఎల్.ఆర్. లేక బిల్టీ యనబడు ఆ పలుచని కాగితమే. అది లేనిదే బండి కదలనీయరాదు. దింపునపుడు పగుళ్ళు, లోట్లు ఆ కాగితముమీదనే వ్రాసి, పనివాని సంతకము పుచ్చుకొని, ఫోటో తీసికొనవలెను.

ఇన్సూరెన్సు పేరిట పుచ్చుకొను సొమ్మునకు బీమాకంపెనీ పేరును పాలసీసంఖ్యయు గల పత్రము చూపుమనవలెను. చూపలేనిచో అది బీమా కాదు, రవాణాదారుని నోటిమాట. రవాణామాత్రమైన 5 శాతమును, కట్టుట మొదలు దింపుటవఱకు కలిపిన సేవకు 18 శాతమును జీఎస్టీ వేయుట సాధారణము. వాడుకలోనున్న గృహోపకరణములకు ఈ-వే బిల్లు అవసరములేదని నియమములలోనే యున్నది. కావున దారిలో ఆ బిల్లుకొఱకని సొమ్మడుగుట యన్యాయము.

ప్రభుత్వోద్యోగికి ఈ భారములో కొంత తీఱును. కేంద్రప్రభుత్వోద్యోగికి, ఏడవ వేతనసంఘపు సిఫారసుల తర్వాత, బదిలీభత్యము మూలవేతనములో 80 శాతము. సామాను రవాణాకు స్థాయినిబట్టి కిలోమీటరునకు ఇంతయని వేఱుగా నిత్తురు. క్రొత్తచోట చేరుటకు వేయి కిలోమీటర్లవఱకు పది దినములు, రెండువేలవఱకు పండ్రెండు, ఆపైన పదునైదు దినముల గడువు. ప్రైవేటుసంస్థలలో చేరువారు ఈ విషయమును నియామకపత్రముపై సంతకమునకు పూర్వమే మాటాడవలెను. చేరిన తర్వాత అడుగుటకు నోరు రాదు. బదిలీపై ప్రయాణమునకును సామాను కట్టి పంపుటకును ఇచ్చు భత్యము, వాస్తవముగా వ్యయమైనమేరకు ఆదాయపుపన్ను లేనిదని తెలిసినచో, యజమాని గంపగుత్తగా ఇచ్చు బోనసుకంటె రసీదులపై ఇచ్చు భత్యమే మేలని బోధపడును.

వాహనముల సంగతి. మోటారుసైకిలును రైలులో పార్సిలుగా పంపవచ్చును. పెట్రోలు పూర్తిగా తీసివేసియుండవలెను. కారును స్వయముగా నడపుకొనిపోవుట 620 కిలోమీటర్లకు చవుక. చిక్కు తరువాత వచ్చును. మోటారువాహనముల చట్టము ననుసరించి, వేఱొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి ఉంచు వాహనమునకు అచ్చటి రిజిస్ట్రేషను పొందవలెను. ఆంధ్రలో జీవితకాలపు పన్ను కట్టిన కారునకు తెలంగాణలో మరల పన్ను కట్టి, ఆంధ్రలో మిగిలిన కాలమునకు పన్ను తిరిగి కోరవలెను. ఇదియు ముందు పోయి పిమ్మట వచ్చు సొమ్మే గనుక రెండవపుటలో వ్రాసికొనవలసినది. విశాఖ విడువకముందే రవాణాకార్యాలయమునుండి నిరభ్యంతరపత్రము తీసికొనుట తప్పనిసరి. తరచు బదిలీలగు ప్రభుత్వోద్యోగులును, నాలుగు లేక అంతకెక్కువ రాష్ట్రములలో కార్యాలయములుగల సంస్థలవారును, 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ సంఖ్య తీసికొన్నచో రెండేండ్లకొకమారు పన్ను కట్టుచు ఈ శ్రమ తప్పించుకొనవచ్చును.

గ్యాసు సిలిండరును లారీ కెక్కింపరాదు. ఏజెన్సీలో సిలిండరును రెగ్యులేటరును అప్పగించి, డిపాజిటు వాపసు తీసికొని, వారిచ్చు టెర్మినేషన్ వోచరుతో క్రొత్తయూర కనెక్షను పొందవలెను. అచ్చటి డిపాజిటు నేటిధరది గనుక కొంత ఎక్కువపడును. రేషనుకార్డువారికి ఇబ్బందిలేదు, 2019 ఆగస్టునందే ఆంధ్ర తెలంగాణలు పరస్పరము రేషను ఇచ్చుట కారంభించినవి. ఓటరు జాబితాలోని పేరును క్రొత్తయూరికి మార్చించుకొనుటకు 8వ ఫారము.

పిల్లల చదువు మాత్రము ఇట్లు రెండుముక్కలలో తేల్చరానిది. బడి ఫీజు, ప్రవేశరుసుము, యూనిఫారములు, బస్సు ఎంతయైనను లెక్కకు అందును. లెక్కకు అందనిది స్థానికత. రాజ్యాంగములోని 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువులు, అర్హతపరీక్షతో ముగియు నాలుగేండ్లు ఎచ్చట చదివెనో దానినిబట్టి విద్యార్థి స్థానికతను నిర్ణయించినవి. విభజనచట్టము పదేండ్లవఱకు పాత ప్రవేశవిధానమును కాపాడినది. ఆ గడువు 2024 జూన్ 2వ తేదీతో తీఱినది. ఆ యేడే తెలంగాణప్రభుత్వము వైద్యవిద్యా ప్రవేశనియమములను సవరించి, తొమ్మిదవతరగతినుండి ఇంటర్మీడియెటువఱకు నాలుగేండ్లును తెలంగాణలోనే చదివియుండవలెనని నిర్దేశించగా, 2025లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. కొన్ని వర్గముల ఉద్యోగుల సంతానమునకు మినహాయింపులున్నను, సామాన్యగృహస్థునకు దీని యర్థము చాల గంభీరమైనది. ఎనిమిదవతరగతి ముగిసిన వేసవిలో విశాఖనుండి హైదరాబాదు వచ్చిన పిల్ల తెలంగాణస్థానికురాలగుటకు వీలున్నది. పదవతరగతి ముగిసి వచ్చిన పిల్లకు తెలంగాణలో నాలుగేండ్లు నిండవు, ఆంధ్రలో చదువు సగములో తెగినది. అట్టి బిడ్డ యేస్థలమునకు స్థానికురాలో ఎచ్చట ఎన్నియేండ్లు చదివెనో పరిశీలించి, ఆ సంవత్సరపు నియమములు చదివి తేల్చుకొనవలసినదే. వైద్యకళాశాలలో ప్రభుత్వసీటునకును యాజమాన్యకోటా సీటునకును గల వ్యత్యాసము లక్షలమీద నుండగా, లారీబాడుగలో ఐదువేలకై వారముదినములు బేరమాడిన తండ్రి ఈ విషయమును విచారింపక కదలుట చూచినపుడు నాకు కలుగు బాధ యింతంత కాదు. పిల్లలు ఎనిమిదినుండి పండ్రెండవతరగతివఱకు నున్న ఇండ్లలో తరలింపుతేదీ నిర్ణయించు ప్రథమాధికారము ఈ లెక్కకే యుండవలెను. చెన్నపట్టణము, బెంగుళూరు పోవువారికి భాష యొకటి తోడగును. తమిళనాట 2006 నాటి చట్టము బళ్ళలో తమిళమును నిర్బంధించినది, తెలంగాణలో 2018 చట్టము తెలుగును నిర్బంధించినది. చిన్నతరగతుల పిల్లలకు ఇది వరమే. తొమ్మిదిలో క్రొత్తలిపి మొదలిడు పిల్లకు భారము.

ఇట్టి సందర్భముననే, కుటుంబమంతయు ఒకేసారి కదలవలెనా, ఉద్యోగి ముందుగా పోయి కొన్నాళ్ళు ఒంటరిగా నుండవలెనా యను ప్రశ్న పుట్టును. 2016లో వెలగపూడికి తరలిన ఉద్యోగులలో ననేకులు పిల్లల చదువులకై కుటుంబములను హైదరాబాదులోనే యుంచి, ప్రభుత్వ మిచ్చిన ఐదుదినముల వారమును ఆధారము చేసికొని శుక్రవారము సాయంకాలము రైలెక్కి సోమవారము తిరిగివచ్చుచుండిరి. 275 కిలోమీటర్ల దూరమున నది సాధ్యమైనది. విశాఖ హైదరాబాదుల నడుమ రాత్రి యంతయు ప్రయాణము, వారమువారము కుదరదు. రెండు కాపురముల ఖర్చు నెలకెంతో లెక్కించి, దానిని పిల్ల పరీక్షకు మిగిలిన నెలలతో హెచ్చవేసి చూచినచో, ఏడెనిమిది నెలలైన ఓర్వదగినది. రెండేండ్లైనచో ఇల్లు నిలువదు, డబ్బును నిలువదు. నా యభిప్రాయము, బోర్డుపరీక్ష యేడైన ఒంటరిగాను, తక్కిన అన్ని సందర్భములయందు కలిసియు పోవుట మేలని.

ఇంట వృద్ధులైన తల్లిదండ్రులున్నచో వారికై బడ్జెటులో నొక పద్దు ప్రత్యేకముగా నుండవలెను. రెండునెలలకు సరిపడు మందులు, పాతవైద్యుడు వ్రాసిచ్చిన వ్యాధిచరిత్ర, క్రొత్తయూర ఇంటికి దగ్గఱనున్న ఆసుపత్రి పేరు, స్నానాలగదిలో పట్టుకొనుటకు కడ్డీలు ముందే చూచుకొనవలెను. మొదటి యారుమాసములలో నొకటిరెండుసార్లు వారిని పాతయూరునకు పంపుటకు టిక్కెట్టు సొమ్ముకూడ నుంచవలెను. ఏబదియేండ్ల యిరుగుపొరుగును విడిచివచ్చినవారికి ఆ ప్రయాణము విలాసము కాదు, ఆరోగ్యమే. తరలింపునాటి దుమ్ములోను, హమాలీల కేకలలోను వారిని కూర్చుండబెట్టరాదు. కొన్నాళ్ళు బంధువుల యింటనో కూతురింటనో యుంచి, మంచము బిగించి, మంచినీళ్ళు వచ్చి, ఇంట ఒకరోజు వంటయైన తర్వాత చేరునట్లు వారికి క్రిందిబెర్తు టిక్కెట్టు తీయవలెను. ఆ టిక్కెట్టును వారి ప్రయాణదినమునుండి వెనుకకు లెక్కించిన అఱువదవదినముననే తీయవలెను.